వానకు నిలుచు గుడారము



ఇంగ్లండులో జులై మాసాంతమున పాఠశాలలు మూతపడి ఆరు వారముల సెలవు మొదలగునప్పటికి, లండను, మాంచెస్టరు, బర్మింగుహాము మొదలగు నగరములలో కాపురమున్న తెలుగు కుటుంబములలో ఒక క్రొత్త ముచ్చట తలయెత్తుచున్నది. ఇరుగుపొరుగువారు కారుపై సామానుల పెట్టె బిగించుకొని సముద్రతీరమునకో, సరస్సుల సీమకో పోయి, పచ్చికబయలులో గుడారము వేసికొని వారము దినములు గడపివచ్చుటను పిల్లలు చూతురు. బడిలో తోడిపిల్లలు చెప్పగా విందురు. ఇంటికి వచ్చి, మనమేల పోరాదని అడుగుదురు. తండ్రి అంగడికి పోవును. అచ్చట అమ్మకపువాడు ఒక పంపు తెచ్చి, నేలపై ముద్దగా పడియున్న గుడ్డలోనికి గాలి కొట్టగా, చూచుచుండగనే ఒక గొట్టము, దాని వెనుక ఇంకొక గొట్టము నిటారుగా లేచి, పది నిమిషములు తిరుగకమునుపే ఆరుగురు పట్టు మందిరమొకటి ఎదుట నిలుచును. పిల్లలు చప్పట్లు కొట్టుదురు. సగము బేరము అచ్చటనే ముగిసిపోవును.

ఈ పూట నేను ముచ్చటింపదలచినది ఆ గాలిగుడారమును ఎట్లు ఎంచుకొనవలెనను విషయమును గూర్చి. నా అభిప్రాయమును ముందుగనే చెప్పివేసెదను. గాలితో లేచి నిలుచుట అను వింత ఆ గుడారమునకు గల గుణములలో మిక్కిలి చిన్నది. అది మొదటి దినమున కొన్ని నిమిషములు మాత్రమే అక్కరకు వచ్చును. తక్కిన దినములన్నియు మనము కాపురముండునది గుడ్డ క్రింద, నేలపట్టా మీద, కట్టుత్రాళ్ళ నడుమ. కావున కొనువాడు గాలిని కొంచెముగను, గుడ్డను విస్తారముగను పరీక్షింపవలెను. అందును దీపముల వెలుగులో అంగడియందు నిలుచున్న గుడారమును గాక, ఎడతెగని జల్లులో మడిచి డిక్కీలో కుక్కవలసిన కడపటి ఉదయపు గుడారమును మనస్సులో నిడుకొని పరీక్షింపవలెను.

వినోదార్థము గుడారములలో నివసించు అలవాటును ఇంగ్లండులో ఒక క్రమమునకు తెచ్చినవారిలో అగ్రగణ్యుడు థామస్ హైరమ్ హోల్డింగు. ఆయన వృత్తిచే దర్జీ. బాల్యమున, 1853లో, తల్లిదండ్రులతో కూడి అమెరికా మైదానములను బండ్ల బిడారుతో దాటిన అనుభవము ఆయనకు కలదు. పెద్దవాడైన పిమ్మట సైకిలుపై గుడారమును మోసికొనిపోవు విద్యను సాధించి, 1901లో సైకిలు శిబిరవాసుల సంఘమొకటి స్థాపింపగా, అదియే కాలక్రమమున నేటి క్యాంపింగ్ అండ్ కారవానింగ్ క్లబ్బుగా పరిణమించినది. ఈ విద్యకు ఆద్యుడు దర్జీ యగుట యాదృచ్ఛికమే కావచ్చును. అయినను, గుడారమును దర్జీ కన్నుతో చూడవలెనని నాకు తోచుటకు అదియు నొక కారణము.

ఇక గాలి సంగతి. 1888లో బెల్ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల బండికి గాలి నింపిన టైరు అమర్చుట అందరు నెరిగిన కథ. 1917లో మోటారుకార్ల నిర్మాత ఫ్రెడరిక్ లాంచెస్టరు, స్తంభములు లేకయే లోపలి గాలి ఒత్తిడిచేత నిలువగల యుద్ధభూమి ఆసుపత్రి డేరానొకదానిని ఊహించి పేటెంటు పుచ్చుకొనెను గాని, అది కార్యరూపము దాల్చలేదు. ఆయన తలంపులో గదియంతయు గాలిచే ఉబ్బి నిలుచును. నేటి కుటుంబ గుడారములలో గదికి గాలితో పనిలేదు, దానిని మోయు గొట్టములకు మాత్రమే గాలి కావలెను. హాంబుర్గు నగరపు హైమ్‌ప్లానెట్ సంస్థ 2011లో ఇట్టి గొట్టముల గుడారమొకటి విక్రయమునకు పెట్టినది. స్కాట్లండువారి వాంగో, డెన్మార్కువారి అవుట్‌వెల్, ఫ్రాన్సువారి డెకాథ్లాన్ మొదలగు సంస్థలు ఈ పద్ధతిని పెద్ద పెద్ద కుటుంబ గుడారములకు వర్తింపజేసి, నేడు అంగడినిండ నింపినవి.

ఆ గొట్టపు నిర్మాణము సైకిలు చక్రము నెరిగినవారికి క్రొత్త గాదు. లోపల గాలి పట్టు మెత్తని ప్లాస్టిక్కు ట్యూబు. దానిపై సాగని దట్టమైన గుడ్డతొడుగు. గాలిని ఆపునది ట్యూబు. ఆకారము నిచ్చునది, బలము నిచ్చునది తొడుగు. తొడుగునకు జిప్పు ఉండి, ట్యూబును బయటికి తీయ వీలున్నదా లేదా అని చూచుట కొనువాడు చేయవలసిన మొదటి పని. వీలున్నచో, చిల్లిపడిన ట్యూబును నీటిలో ముంచి బుడగ లేచుచోటు కనుగొని పంచరు వేసికొనవచ్చును. వీలు లేనిచో, ముల్లు గ్రుచ్చుకొన్న నాడు గుడారమంతయు కారఖానాకు పంపవలసి వచ్చును.

ఒత్తిడిని గూర్చి ఒక్కింత విస్తరించి చెప్పెదను. ఏలయన, దీని నెరుగక కంగారుపడువారు పెక్కుమంది. అనేక గుడారములకు తయారీదారులు చదరపు అంగుళమునకు 7 పౌన్లు మొదలు 9 పౌన్ల వరకు గాలి కొట్టుమందురు. కారు చక్రమునకు 30 పౌన్ల పైన కొట్టుదుము గనుక, ఇది దానిలో నాలుగవ వంతో, అంతకు కొంచెము ఎక్కువయో యగును. అయితే పంపుమీది ముల్లు చూపునది వాతావరణపు ఒత్తిడిని మినహాయించి మిగిలినది మాత్రమే. ఆ వాతావరణపు ఒత్తిడి సుమారు 14.7 పౌన్లు. కావున ముల్లు 7 చూపునప్పుడు ట్యూబులో నిజముగా నున్నది 21.7. మూసిన గొట్టములోని గాలి ఒత్తిడి దాని వేడిమిని బట్టి హెచ్చి తగ్గును. చల్లని సాయంకాలము 15 డిగ్రీల వద్ద 7 పౌన్లు కొట్టి పడుకొన్నచో, తెల్లవారుజామున 5 డిగ్రీలకు దిగునప్పటికి ముల్లు ఆరుంబావునకు జారును. మరునాటి మధ్యాహ్నము ఎండ తగిలి గొట్టము 35 డిగ్రీలకు కాగినచో ఎనిమిదిన్నరకు ఎక్కును. కావున తెల్లవారి గొట్టము కొంచెము మెత్తబడినంతమాత్రమున, చిల్లి పడినదని గృహిణి భర్తపై విసుగుకొనవలసిన పనిలేదు. రెండు దెబ్బలు పంపు కొట్టిన చాలును. మిట్టమధ్యాహ్నము గొట్టము మరీ బిగిసినచో కొంత గాలి వదలవలెను. కొన్నింటికి అధికమైన గాలిని తామే వదలు వాల్వులుండును, కొన్నింటికి ఉండవు. ఇది అడిగి తెలిసికొనవలసిన విషయము. ఒత్తిడి చూపు ముల్లు లేని పంపు ఇచ్చువాని వద్ద నేనయినచో గుడారము కొనను.

గాలి కొట్టు ద్వారము లొకటియా, పెక్కులా అనునది మరియొక ప్రశ్న. ఒకే ద్వారముగుండ అన్ని గొట్టములును నిండునట్టివి కలవు. ప్రతి గొట్టమునకును ప్రత్యేకముగ వాల్వు గలవియు కలవు. మొదటి రకములో వంగి లేచు శ్రమ తక్కువ; కాని గొట్టముల నడుమ గాలిని అడ్డు ఏర్పాటు లేకున్న, ఒకచోట పడిన చిల్లి అర్ధరాత్రమున ఇల్లంతటిని నేల గూల్చగలదు. రెండవ రకములో నాలుగు గొట్టములలో ఒకటి పోయినను మూడు నిలుచును, తెల్లవారువరకు తలదాచుకొనవచ్చును. నా ఓటు రెండవ దానికే.

గాలివాన వచ్చినప్పుడు ఈ గొట్టములు లోనికి వంగి, విసురు తగ్గగానే తిరిగి నిటారగును. ఫైబరుగ్లాసు కొయ్యల వలె చీలిపోవు. ఈ సద్గుణమును ఒప్పుకొనవలసినదే. అయినను దీనిని నమ్మి త్రాళ్ళు కట్టుట మానువారు కలరు. గుడారమును నేలకు పట్టియుంచునవి మేకులును, కట్టుత్రాళ్ళును మాత్రమే. గాలి నిండిన గొట్టమునకు నేలతో ఏ చుట్టరికమును లేదు. పెట్టెతో కూడ వచ్చు సన్నని కమ్మీమేకులు మెత్తని పచ్చికకు చాలును గాని, వేల్సు కొండసీమలలో రాతినేల తగులగనే వంగిపోవును; కార్న్‌వాల్ తీరపు ఇసుకలో పట్టు చిక్కక ఊడివచ్చును. గట్టినేలకు మందపు ఉక్కు మేకులు, ఇసుకకు వెడల్పాటి రేకు మేకులు, ఒక మంచి సుత్తి వేరుగా కొనుటకు కొంత సొమ్ము మిగుల్చుకొనవలెను.

ఇప్పుడు గుడ్డ. ఉత్తర ఇంగ్లండునందలి సరస్సుల సీమలో సీత్‌వెయిట్ అను పల్లె యొకటి కలదు. ఇంగ్లండులో జనులు నివసించు తావులలో వాన మిక్కిలి ఎక్కువగా కురియునది అదియే యని ప్రతీతి. ఏటికి 3,000 మిల్లీమీటర్లకు పైబడి వర్షము. మన హైదరాబాదున కురియునది ఏటికి సుమారు 800. అట్టి చోటికి చుట్టుపట్ల గుడారములు వేయు మైదానములు వేసవి సెలవులలో నిండిపోవుననగా, ఆ జనుల సాహసమును మెచ్చుకొనవలెనో, గుడ్డ నేసినవారి నేర్పును మెచ్చుకొనవలెనో తెలియదు.

నీటిని గుడ్డ ఎంతవరకు ఆపునో కొలుచుటకు ఒక పద్ధతి యున్నది. గుడ్డపై నిలువుగొట్టముంచి నీరు పోయుచు పోగా, ఎంత ఎత్తున నీరు నిలిచినప్పుడు అడుగున చుక్క లూరునో, ఆ ఎత్తును మిల్లీమీటర్లలో చెప్పుదురు. 1,500 అన్నది సాధారణముగా కనీసమని ఎంచబడును. కుటుంబ గుడారములపై 3,000 నుండి 6,000 వరకు అంకెలు ముద్రించియుండును. వానచినుకు ఒత్తిడి గొప్పది కాదు గనుక పైకప్పునకు 3,000 నిక్షేపముగ చాలును. 6,000 గలదానికి వందల పౌండ్లు అధికముగ పెట్టువారు అంకెకు వెల యిచ్చుచున్నారు గాని రక్షణకు గాదు. నేలపట్టా సంగతి వేరు. తడినేలపై పరచిన పట్టాను మనిషి మోకాలు ఆనించి నొక్కినచో, ఆ కొంచెపు జాగాలో పడు ఒత్తిడి వానచినుకు ఒత్తిడికంటె ఎంతో ఎక్కువ. కావున పట్టా అంకె పైకప్పు అంకెకంటె చాల పెద్దదిగా నుండవలెను. అది గోడలతో కలిపి కుట్టబడి, అంచులు జానెడు పైకి లేచియున్నచో మరియు మేలు.

అయినను నీరు కారునది గుడ్డలో గాదు, కుట్టులో. సూది దిగిన ప్రతి రంధ్రమును నీటికి వాకిలి. లోపలివైపున కుట్టులన్నిటిపై పట్టీ అతికించియుండవలెను. అంగడిలో గుడారములోనికి దూరి, తలయెత్తి, మూలలలో నాలుగు కుట్టులు కలియుచోట ఆ పట్టీ ముడుతలు లేక అంటియున్నదో లేదో వ్రేలితో తడవి చూడుడు. హోల్డింగు దర్జీ యని నేను ముందు చెప్పినది ఇందుకొరకే. జిప్పులపై గుడ్డ మడత కప్పియున్నదా, తలుపు తెరువగనే కప్పుమీది నీరు లోని పడకపై పడునట్లున్నదా అనునవియు అప్పుడే చూడవలెను.

దారపు లావును డెనియరు లెక్కలో చెప్పుదురు. మన చీరాల, పోచంపల్లి నేతగాండ్రు 80వ నెంబరు నూలు, 100వ నెంబరు నూలు అని చెప్పునప్పుడు అంకె హెచ్చినకొలది నూలు సన్నబడును. ఏలయన అది ఒక పౌను బరువునకు ఎన్ని చిలపలు తూగునో చెప్పు లెక్క. డెనియరు దీనికి తలక్రిందు. 9,000 మీటర్ల దారము ఎన్ని గ్రాములు తూగునో అది దాని డెనియరు. అంకె హెచ్చినకొలది దారము లావగును. 70 డెనియరు గుడ్డకును 150 డెనియరు గుడ్డకును నడుమ గట్టితనములో భేదము ఎంతయో, మోయువాని వీపునకు తెలియు బరువులోను అంతే భేదము.

పాలిస్టరు గాక, నూలు కలిపిన గుడ్డతో చేసిన గుడారములును కలవు. వాటిలో ఎండవేళ చల్లగను, రాత్రివేళ వెచ్చగను ఉండును. గాలి వీచినప్పుడు పటపటలాడవు. లోపలి ఆవిరిని కొంత బయటికి పోనిచ్చును. క్రొత్తదానిని ఒకటి రెండుమారులు తడిపి ఆరబెట్టగా నూలు ఉబ్బి సూదిరంధ్రములు మూసికొనును. మా మిత్రులు పెక్కురు ఇట్టిదానినే శ్లాఘింతురు. కాని ఇది నీటిని పీల్చుకొని బరువెక్కును. తడిగా నొక వారము చుట్టియుంచినచో బూజు పట్టి నల్లని మచ్చలు వచ్చును, అవి ఇక పోవు. ఇంటికి విశాలమైన పెరడో, కారుకొట్టమో కలవారు దీనిని కొనవచ్చును. రెండు గదుల ఫ్లాటులో మూడవ అంతస్తున కాపురముండువారు, స్నానపుగదిలోను మేడమెట్ల కటకటాలమీదను తడిగుడారము నారవేసికొనవలసిన వారు, పాలిస్టరుతో సరిపెట్టుకొనుట క్షేమము.

పాలిస్టరులో నొక చిక్కు. నిద్రించు మనిషి ఊపిరితోను, చెమటతోను రాత్రి గడచునప్పటికి గ్లాసెడు నీటినైనను గాలిలో కలుపును. నలుగురు పడుకొన్న గుడారములో ఆ నీరంతయు చల్లని గుడ్డ తగిలి చుక్కలుగా దిగును. తెల్లవారి లేచి, గుడారము కారుచున్నదని అంగడివానిపై దండెత్తువారిలో కొందరు తమ ఊపిరినే నిందించుచున్నారు. దీనికి మందు ఎదురెదురుగా గాలి కిటికీలు. వాన పడునప్పుడును మూయనవసరము లేక, పైన చూరువంటి మడత గలవి. పడకగదులు లోపల వేరు పలుచని గుడ్డతో వ్రేలాడుచుండిన, చుక్కలు పడకపై పడవు.

ఇక పరిమాణము. ఆరుగురు పట్టునన్న అంకెను తయారీదారు చాపలను ఒకదానినొకటి ఒరసి పరచి లెక్కించును. సంచులు, చెప్పులు, బియ్యపు డబ్బా ఆ లెక్కలో లేవు. కావున నలుగురికి ఆరుగురిది కొనుట అనుభవజ్ఞుల మాట. మన కుటుంబములలో వేసవినాటికి స్వదేశమునుండి తల్లిదండ్రులో, అత్తమామలో వచ్చియుందురు; వారిని ఇంట విడిచి పోలేము. వారికి వేరు పడకగది కావలెను; వంగకుండ నిలువగలుగునంత ఎత్తు, అనగా ఇంచుమించు రెండు మీటర్లు, కావలెను. వాకిట నేలపట్టా అంచు గడపవలె పైకి లేచియుండును గదా, రాత్రివేళ దానికి కాలు తట్టుకొని పెద్దలు పడుదురు. ఆ అంచును క్రిందికి దించు వీలున్న గుడారము ఎంచుకొనుడు. అయితే పెద్దదానిపై ఆశ హద్దు మీరరాదు. కొన్ని శిబిరస్థలములు ఇంతకు మించిన గుడారమునకు చోటు లేదనును, లేదా అధికరుసుము అడుగును. అగ్నిభయముచే గుడారమునకు గుడారమునకు 6 మీటర్ల ఎడముంచుట అచ్చటి వాడుక. త్రాళ్ళ విస్తారమును కలుపుకొని కొలతలు చూచుకొనవలెను.

బరువును గూర్చి మరువరాదు. ఆరుగురు పట్టు గాలిగుడారము పాలిస్టరుదైనను 20 నుండి 30 కిలోల వరకు తూగును. నూలు కలిసినది అంతకు మించును. కొయ్యల గుడారములో కొయ్యలొక సంచి, గుడ్డ యొక సంచిగా ఇరువురు పంచుకొని మోయవచ్చును. గాలిగుడారములో గొట్టములు గుడ్డకు కుట్టుకొనియుండుటచే అంతయు ఒకే మూట. మడిచి చుట్టునప్పుడు గొట్టములలోని గాలి పూర్తిగ వెడలగొట్టకున్న, వచ్చిన సంచిలో అది తిరిగి పట్టదు. వానలో నైనచో ఆ మూటకు మరి కొన్ని కిలోల నీరు చేరును. సంచి నోరు వెడల్పుగా తెరచుకొని చుట్టును పట్టీలతో బిగించునట్టిదైన చాల మేలు. సన్నని గొట్టమువంటి సంచి నిచ్చువాడు తన గుడారమును తానెన్నడును వానలో మడిచియుండడు.

వంటను గూర్చి ఒక్క మాట మాత్రము కఠినముగ చెప్పవలసియున్నది. వానయని, చలియని బొగ్గులకుంపటిని, ఆరిపోయినట్లున్నదానినైనను, గుడారములోనికి తేరాదు. దానినుండి వెలువడు కార్బన్ మోనాక్సైడు కంటికి కనబడదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణములు తీయును. బ్రిటనులో ఇట్టి మరణములు జరిగినవి. గ్యాసుపొయ్యియు లోపల వలదు. పోపు వేసినప్పుడు చిందిన నూనె నిప్పంటుకొన్నచో పాలిస్టరు కరగి మీద పడును. విద్యుత్తు సౌకర్యము గల స్థలమున, 10 ఆంపియర్ల తీగనుండి 2,300 వాట్లు మాత్రమే వచ్చును గాన, నీరు కాచు కెటిలును వేసినచో ఫ్యూజు దిగిపోవచ్చును. అన్నము వండు కుక్కరు మాత్రము నిశ్చింతగా పనిచేయును. తీగ లోనికి దూర్చుటకు జిప్పు గల చిన్న రంధ్రము గుడారమున కున్నదేమో చూచుకొనుడు.

వెల కొన్ని వందల పౌండ్లు మొదలుకొని వేయి దాటి పోవును. సెప్టెంబరులో అంగళ్ళవారు ప్రదర్శనకు నిలిపిన గుడారములను తగ్గించి అమ్ముదురు. ఎండకు వెలసినదో లేదో చూచి తీసికొనవచ్చును, ఏలయన ఎండ పాలిస్టరును క్రమముగ పెళుసుబారజేయును. ఇంటికి తెప్పించుకొనువారికి, 2013 నాటి నిబంధనలను బట్టి, వస్తువు చేరిన తరువాత 14 దినములలో బేరము రద్దుచేసికొను హక్కు బ్రిటనులో కలదు. ఆ గడువు తీరకమునుపే, వాన లేని ఒక సాయంకాలము, పెరటిలోనో పొరుగు పార్కులోనో శుభ్రమైన పట్టా పరచి దానిపై గాలి కొట్టి నిలిపి, ముల్లు చూపు అంకెను వ్రాసికొని, మరునాడు అదే వేడిమి గల వేళ తిరిగి చూడవలెను. కుట్టులు, జిప్పులు, త్రాళ్ళు లెక్కపెట్టి, మడిచి సంచిలో పెట్టి, డిక్కీలో పట్టునో లేదో నిర్ణయించుకొనవలెను. ఆ గుడారపు గొట్టములకు ట్యూబులు విడిగా దొరకునా, దొరికిన ఎంత వెల యగునని అమ్మినవానికి ఒక ఉత్తరము వ్రాసి, సమాధానము వచ్చువరకు రసీదును భద్రముగ నుంచుకొనవలెను.